హాఫ్‌టైమ్‌లో శాలువా

ట్రాయ్ రివెట్స్ బాస్కెట్‌బాల్ జట్టులో గార్డ్ చోటు ఒక్కటే, దాని కోసం కాచుకున్నవాళ్లు ఇద్దరు. గార్డ్ అంటే బంతిని ముందుకు తెచ్చి, ఎవరు ఎటు పరుగెత్తాలో కంటిసైగతో చెప్పి, ఆట మొత్తాన్ని నడిపేవాడు. ఆట మొదలైనప్పుడు కోర్టులోకి దిగేది ఇగ్నాస్ పాలుకైటిస్. లిథువేనియా నుంచి వచ్చిన ముప్పై ఆరేళ్ల మనిషి. గెలుపో ఓటమో తేలిపోయి, జనం కోట్లు తొడుక్కుని పార్కింగ్ వైపు నడిచే వేళకి దిగేవాడు అద్వైత్. వయసు ఇరవై నాలుగు. జట్టు వాళ్ల నాన్నది.

చిక్కంతా అక్కడే వచ్చింది. తండ్రి శ్రీధర్‌కి కార్ల లోపలి ప్లాస్టిక్ భాగాలు చేసే ఫ్యాక్టరీ ఉంది. రెండేళ్ల కిందట ఆయన ఈ చిన్న లీగ్ జట్టును కొన్నప్పుడు ట్రాయ్ తెలుగువాళ్లలో ఒక మాట పుట్టింది. పిల్లవాడు అడిగితే ఎవరైనా బంతి కొనిస్తారు, శ్రీధర్ గారు జట్టే కొనిచ్చారు అని. ఆ మాట అద్వైత్ చెవిన పడింది ఇండియన్ స్టోర్‌లో, కరివేపాకు కోసం నిలబడ్డ వరసలో. అన్న ఆవిడ వెనక్కి తిరిగి అతన్ని చూసి, బాగున్నావా నాన్నా అని కూడా అడిగింది.

ఇగ్నాస్ చాటుగా మాటలు అనే రకం కాదు. ప్రాక్టీస్‌కి వచ్చిన మొదటి రోజే అందరి ముందూ అడిగాడు.

"నువ్వు ఆడతావా, జట్టు మీ నాన్నదని ఊరికే తిరుగుతుంటావా?"

మిగతావాళ్లు నవ్వారు. ఆ రోజు నుంచి అద్వైత్‌కి అతనంటే గిట్టదు. గిట్టకపోవడం అన్నది చిన్న మాట. ఉదయం లేవగానే మొదట గుర్తొచ్చేది ఆ ముఖమే. ఇగ్నాస్‌కి యూరప్ జిమ్ముల్లో నేర్చుకున్న విద్యలు చాలా ఉన్నాయి. ఎదుటివాడు ఎగరబోయే క్షణంలో వాడి పాదం మీద తన పాదం ఆనించేవాడు. రిఫరీకి అవతల పక్క చేత్తో చొక్కా అంచు పట్టుకునేవాడు. అద్వైత్ చూడని సమయం కనిపెట్టి బంతిని గుండెల మీదికి విసిరి, గార్డ్ అన్నవాడు ఎప్పుడూ చూస్తూ ఉండాలి అనేవాడు. ఆ సీజన్‌లో అద్వైత్ పక్కటెముకల మీద కమిలిన మచ్చ లేని రోజు లేదు.

కోచ్ డ్వెయిన్ పట్టించుకునేవాడు కాదు. గెలవాలంటే నాకు నిజమైన గార్డ్ కావాలి, ఎవరిని దింపాలో నేనే చెబుతాను అని ముందే షరతు పెట్టి ఇగ్నాస్‌ని తెప్పించుకున్నాడు ఆయన. జట్టు గెలుస్తూ ఉంది కూడా. ఇగ్నాస్ వచ్చాక పక్క ఊరు సౌత్‌ఫీల్డ్ దగ్గరి లిథువేనియన్లు పసుపు, ఆకుపచ్చ, ఎరుపు జెండా రంగుల మఫ్లర్లు చుట్టుకుని, ఒక పెద్ద డోలు మోసుకుని రావడం మొదలుపెట్టారు. హాల్లో ఒక మూల వాళ్లది. రెండో పక్క తెలుగు కుటుంబాలు. ఉమామహేశ్వరి ఆంటీ గేటు దగ్గర పెట్టిన మిర్చి బజ్జీల స్టాల్ ఇద్దరికీ ఉమ్మడి. లిథువేనియన్లు కళ్ల నీళ్లు తుడుచుకుంటూ ఆ బజ్జీలు తినేవాళ్లు. అద్వైత్ కోర్టులోకి దిగితే అదే నోటితో "ఊ" అని మూలిగేవాళ్లు.

అతని లోపం ఎక్కడుందో పట్టుకోవాలని అద్వైత్ ఇగ్నాస్ పాత ఆటలన్నీ వెతికి వెతికి చూశాడు. లోపం సంగతి అలా ఉంచి, మనిషి బతుకంతా కళ్ల ముందు తిరిగింది. ఉతెనా అనే చిన్న ఊరు అతనిది. తల్లి బడిలో వంటమనిషి. పదహారేళ్లకే ఆట కోసం కౌనస్ నగరానికి పంపేశారు. పందొమ్మిదేళ్లకి దేశపు కుర్రాళ్ల జట్టులో ఉన్నాడు. న్యూయార్క్‌లో పెద్ద లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే సాయంత్రం కొత్త సూటు వేసుకుని కూర్చున్నాడు. చివరి పేరు చదివేదాకా అతని పేరు రాలేదు. కెమెరా ఒకసారి అతని మీదికి వెళ్లి, చప్పున పక్కకి తిరిగిపోయింది. తర్వాత స్పెయిన్, అక్కడి నుంచి టర్కీ. టర్కీలో ఎడమ మోకాలు విరిగి రెండేళ్లు పోయాయి. పోలండ్, రుమేనియా, మళ్లీ పోలండ్. ఎక్కడా రెండు సీజన్లకు మించి ఉండలేదు. దేశం జట్టులోకి ఒక్కసారి పిలిచారు, పోటీలకు ముందు రోజు వెనక్కి పంపేశారు. అద్వైత్ అన్నీ చూశాడు. జాలి మాత్రం కలగలేదు. ఇన్ని చోట్ల నుంచి గెంటించుకున్నవాడు చివరికి నా చోట్లోకి వచ్చి కూర్చున్నాడే అనిపించింది.

ఆటగాళ్ల కాళ్లకి పట్టీలు వేసే ఫిజియో రేణుది వరంగల్. చదువుకోడానికి వచ్చి, చదువయ్యాక ఈ జట్టులోనే ఉద్యోగంలో చేరింది. మార్చిలో ఒక రోజు అద్వైత్ మడమకి పట్టీ వేస్తూ, ఇగ్నాస్ గురించి అతను ఏదో విసురుగా అంటే తలెత్తకుండానే చెప్పింది.

"ఆ మోకాలు రోజూ నా చేతిలనే ఉంటది అద్వైత్. ఇంకొక్క ఏడాది కన్నా ఎక్కువ రాదు. ఆయనకి తెలుసు ఆ ముచ్చట. ఆ ఒక్క ఏడాది వాళ్ల ఊర్ల ఆడాలని చూస్తుండు."

మిగతాది పట్టీ చుడుతూ నెమ్మదిగా చెప్పింది. ఉతెనా జట్టు ఈ మధ్యే వాళ్ల దేశంలో మొదటి లీగ్‌లోకి వచ్చిందట. ఇగ్నాస్ పదహారేళ్లకే ఊరు వదిలాడు కాబట్టి సొంత ఊరి హాల్లో పెద్దల జట్టుకి ఒక్క ఆటైనా ఆడలేదు. వచ్చే సీజన్‌కి రమ్మని ఆ క్లబ్బు అడిగింది, కానీ వయసు చూసి భయపడుతూ ఉంది. ఇక్కడ సీజన్ చివరిదాకా నిలబడి ఆడితేనే మేలో సంతకం. లేదంటే ఇంకో దేశపు కుర్రాడిని సిద్ధంగా పెట్టుకున్నారు.

"అంటే ఈ సీజన్ అయ్యాక వెళ్ళిపోతాడు కదా అక్కా. గుడ్," అన్నాడు అద్వైత్.

రేణు పట్టీ కొస తుంచి, లేవమన్నట్టు కాలి మీద తట్టింది.

సీజన్ అయ్యేదాకా ఆగే ఓపిక శ్రీధర్‌కి లేదు. రివెట్స్ సీజన్ చివరి నాకౌట్ పోటీలకి, అంటే ప్లేఆఫ్స్‌కి, అర్హత సంపాదించింది. ప్లేఆఫ్స్‌కి పెద్ద లీగ్ మనుషులు వచ్చి కూర్చుంటారు, కొత్తవాళ్లను చూసి పెట్టుకుంటారు. కొడుకు వాళ్ల కంట్లో పడాలంటే ఇదొక్కటే దారి. తెలుగు సంఘం అధ్యక్షుడు కోటయ్య ఒక శనివారం భోజనానికి వచ్చినప్పుడు ఆ దారి దొరికింది.

"సన్మానం చేద్దామండీ," అన్నాడు కోటయ్య పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "ఇరవై ఏళ్ల ఆట. శాలువా, దండ, మెమెంటో. మైకులో నేనే చెబుతా, ఇవాళ్టితో ఈ మహానుభావుడు ఆటకి సెలవు చెబుతున్నాడని. మనోళ్లల్లో శాలువా కప్పాక ఇంక కుర్చీలో కూచోవాల్సిందే గదా."

శ్రీధర్ అప్పుడే అన్నీ ఆలోచించేశాడు. సొంత హాల్లో చివరి ఆట పై వారం ఆదివారం మధ్యాహ్నం. హాఫ్‌టైమ్‌లో సన్మానం. మర్నాడు ఉదయం ప్లేఆఫ్స్ ఆటగాళ్ల పేర్లు లీగ్‌కి వెళ్లాలి, రిటైర్ అయినవాడి పేరు ఎవరూ రాయరు. ఇగ్నాస్‌కి మాత్రం, మా కమ్యూనిటీ మీ ఆటను గౌరవించాలనుకుంటోంది అని చెబితే చాలట.

"ఆయన రిటైర్ అవట్లేదు నాన్నా," అన్నాడు అద్వైత్. "రేణు అక్క చెప్పింది. వాళ్ల టౌన్‌కి వెళ్లి ఆడతాడట."

"వెళ్లి ఆడుకోమను. నేనేమన్నా కాళ్లు కట్టేశానా? మనం గౌరవంగా పంపిస్తున్నాం, అంతే. శాలువా నువ్వే కప్పాలి. ఫోటో బాగుంటుంది."

తల్లి శశికళ కోటయ్యకి పెరుగు వడ్డిస్తూ, నీ ఒళ్లు ఎప్పుడైనా అద్దంలో చూసుకున్నావా, ఆ మచ్చలు చూస్తే నాకు అన్నం సహించట్లేదు అంది. అది ఫెయిర్ కాదని అద్వైత్‌కి తెలుసు. ఆ రాత్రి అంతా దాని గురించి ఆలోచిస్తే, చివరికి కళ్ల ముందు కనిపించింది ప్లేఆఫ్స్‌లో మొదటి నిమిషం నుంచి కోర్టులో ఉన్న తనే.

సన్మానం అనగానే ఇగ్నాస్ భుజాలెగరేసి సరే అన్నాడట. ఆదివారం ఆటకు ముందు కూడా అతనికి అసలు సంగతి చెప్పడానికి అద్వైత్‌కి వీలు చిక్కింది. బట్టలు మార్చుకునే గదిలో ఇద్దరే మిగిలారు. ఇగ్నాస్ మోకాలికి పట్టీ బిగించుకుంటున్నాడు. అద్వైత్ నోరు తెరవబోయాడు.

"ఏంటి?" అన్నాడు ఇగ్నాస్ తలెత్తకుండా. "మీ నాన్న నా బూట్లు కూడా అడిగాడా?"

అద్వైత్ నోరు మూసుకుని బయటికి వచ్చేశాడు. నీకు ఇలాగే కావాలి అనుకున్నాడు.

మొదటి సగంలో రివెట్స్ నాలుగు పాయింట్లు ముందుంది. ఇగ్నాస్ పెద్దగా బాస్కెట్లు వేయలేదు. వేసేవాళ్ల చేతుల్లో బంతి పెట్టాడు, అతని ఆట ఎప్పుడూ అంతే. హాఫ్‌టైమ్ హారన్ మోగింది. కోర్టు మధ్యలో కుర్చీ, పక్కన టేబుల్, టేబుల్ మీద పళ్లెం, పళ్లెంలో మడత పెట్టిన ఎర్రంచు పట్టు శాలువా. కోటయ్య మైకు అందుకుని ఊర్ల పేర్లన్నీ తనకు తోచినట్టు పలుకుతూ ఇగ్నాస్ జీవితం చదివాడు. లిథువేనియన్లకి అది కూడా ముచ్చటగా ఉండి ఊరి పేరు వచ్చినప్పుడల్లా డోలు కొట్టారు. చెమట కారుతూ, కుర్చీలో కూర్చోకుండా దాని పక్కన నిలబడ్డాడు ఇగ్నాస్. శశికళ దండ వేసింది. అద్వైత్ శాలువా విప్పి వెనక నుంచి భుజాల మీద కప్పాడు. ఆ భుజాలు రాయిలా ఉన్నాయి. ఫోటో తీశారు.

అప్పుడు కోటయ్య గొంతు పెంచి, ఈ రోజుతో ఇగ్నాస్ పాలుకైటిస్ బాస్కెట్‌బాల్‌కి వీడ్కోలు పలుకుతున్నారు, ఆయన వారసుడు మన అద్వైత్ అని ప్రకటించాడు. తెలుగువాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గోడ మీది పెద్ద తెరపై అదే మాట ఇంగ్లిష్‌లో వచ్చింది.

డోలు ఆగిపోయింది.

ఇగ్నాస్ తెర చదివాడు. మైకు కోసం చెయ్యి చాపాడు. కరచాలనం కాబోలనుకుని కోటయ్య ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపాడు. ఈలోగా పాట మొదలై, పట్టు పావడాల పిల్లలు డాన్స్ చేయడానికి కోర్టులోకి పరుగెత్తుకొచ్చారు. ఇగ్నాస్ తన వాళ్ల మూల వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో అరిచాడు. పాట హోరులో అది అక్కడిదాకా చేరినట్టు లేదు. అతను అద్వైత్ వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు."

"తెలుసు," అన్నాడు అద్వైత్.

ఇగ్నాస్ మెడలోంచి దండ తీసి టేబుల్ మీద పెట్టాడు.

రెండో సగం మొదలయ్యేముందు శ్రీధర్ కోచ్‌ని పక్కకి పిలిచాడు. వీడ్కోలు చెప్పినవాడిని మళ్లీ దింపితే నలుగురూ నవ్వరా అన్నాడట. కోచ్ షరతు గుర్తు చేశాడట. వచ్చే ఏడాది కోచ్ ఎవరన్నది కూడా నేనే చెబుతాను అని శ్రీధర్ జవాబిచ్చాడట. కోచ్ వచ్చి ఎవరి మొహమూ చూడకుండా అద్వైత్ పేరు చెప్పాడు.

ఏడాదిగా కోరుకున్నది అదే. బంతి చేతికి వచ్చిన ప్రతిసారీ ఆ మూల మొత్తం లేచి ఈలలు వేసింది. వేళ్లు నోట్లో పెట్టుకుని వేసే పొడుగాటి ఈలలు, చెవుల్లో సూదుల్లా దిగేవి. తెలుగువాళ్లు అద్వైత్, అద్వైత్ అని అరిచారు. ఆ అరుపు ఈలల కన్నా ఘోరంగా వినిపించింది. రెండుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. పోయిన బంతి కోసం వెంటపడి ఫౌల్ మీద ఫౌల్ చేశాడు. నాలుగయ్యాయి. ఆరయితే ఆట నుంచి పంపేస్తారు. నాలుగు పాయింట్లు ముందున్న జట్టు తొమ్మిది వెనకబడింది.

ఇగ్నాస్ బెంచి చివర మోకాలి మీద ఐస్ సంచి పెట్టుకుని కూర్చున్నాడు. ఐస్ జారకుండా శాలువాతో బిగించి కట్టాడు. పట్టు అంచు తడిసి రంగు దిగుతోంది.

టైమవుట్ ఇచ్చినప్పుడు రేణు నీళ్ల సీసా అందిస్తూ అద్వైత్ చెవి దగ్గర గొంతు తగ్గించింది.

"వాళ్ల ఊరి క్లబ్బోళ్లు నా ఫోన్‌కి మెసేజ్ పెట్టిండ్రు, మోకాలి సంగతి నన్నే అడుగుతుంటరు. ఆట లైవ్‌ల చూస్తుండ్రట. రిటైర్ అయినవంట, నిజమేనా అని అడుగుతుండ్రు. ఈయన కాదన్నడు. మరి కూసున్నవేంది అంటున్నరు."

అద్వైత్ నీళ్లు తాగాడు. బెంచి చివరికి చూశాడు. ఇగ్నాస్ చేతిలో రేణు ఫోను ఉంది. ఏదో రాయబోయి, రాయకుండా స్క్రీన్ వైపే చూస్తున్నాడు. ఏం రాస్తాడు. వాళ్లకి కనిపిస్తున్నది ఐస్ కట్టుకుని కూర్చున్న ముసలివాడు. కోర్టు అవతల మొదటి వరసలో నాన్న రెండు బొటనవేళ్లూ ఎత్తి చూపించాడు. కోటయ్య అంకుల్ కూడా చూపించాడు. అది చూడగానే అద్వైత్‌కి ఒళ్లు మండిపోయింది. ఇగ్నాస్ మీద ఉన్న పాత మంట అలాగే ఉంది, దాని పక్కన ఇంకొకటి లేచింది. వీడిని నేను ఒక్కసారి కూడా ఓడించలేదు. రేపటి నుంచి ఎవరైనా అడిగితే, ఓడించానని చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఒక ఫోటో ఉంది.

ఆట మొదలైంది. అవతలి గార్డ్ బంతి కొట్టుకుంటూ పక్క నుంచి వెళ్లబోతే అద్వైత్ అతని చొక్కా పట్టుకుని రిఫరీ కళ్లెదుటే గుంజాడు. ఈల. ఐదు. కోచ్ రెండు చేతులూ చాపి, ఏంటది అన్నట్టు చూశాడు. జాగ్రత్త అని జట్టువాళ్లు అరిచారు. మళ్లీ అదే మనిషి వచ్చాడు. అద్వైత్ ఈసారి బంతి వైపు చూడను కూడా లేదు. నడుం చుట్టూ చేతులు వేసి, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుని నిలబడిపోయాడు. ఇద్దరూ నేల మీద పడ్డారు. అవతలివాడు లేచి తిడుతూ ఒక తోపు తోశాడు. అద్వైత్ మోచెయ్యి గీరుకుని నెత్తురొచ్చింది.

ఆరు. రిఫరీ బయటికి చెయ్యి చూపించాడు.

హాలంతా గందరగోళం. శ్రీధర్ లేచి నిలబడ్డాడు. జట్టులో అవసరానికని పెట్టుకున్న మూడో గార్డ్ ఉన్నాడు కానీ మడమ బెణికి మామూలు బట్టల్లో వచ్చి కూర్చున్నాడు. కోచ్ అతన్ని చూశాడు, మొదటి వరస వైపు చూశాడు, నాకింకెవరూ లేరు అన్నట్టు ఆ వరసకి అరచేతులు చూపించాడు. ఆయన మొహంలో చాలాసేపటి తర్వాత వెలుగు కనిపించింది.

"ఇగ్నాస్," అన్నాడు.

ఇగ్నాస్ శాలువా ముడి విప్పాడు. ఐస్ సంచి కింద పడింది. కోర్టు గీత దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఫౌల్ చేయడం కూడా రాదు నీకు," అన్నాడు ఇగ్నాస్. "రిఫరీ జాలిపడి ఇచ్చాడు."

"వెళ్లి ఆడు, ముసలోడా," అన్నాడు అద్వైత్ ఇంగ్లిష్‌లో.

మిగిలిన ఆరు నిమిషాల్లో అద్భుతాలేమీ జరగలేదు. ఎడమ కాలు ఈడుస్తూనే ఆడాడు ఇగ్నాస్. లిథువేనియన్లు డోలు వదిలేసి ఫోన్లు పైకెత్తారు, ఒక్కరూ కూర్చోలేదు. ఒకసారి ఇగ్నాస్ బంతి కోసం నేల మీదికి దూకి, చెమట చారతో సహా జారుకుంటూ కెమెరా మనిషి కాళ్ల దగ్గరికి పోయాడు. లేచి, ఆ కెమెరాలోకి సూటిగా చూసి, వాళ్ల భాషలో రెండు మాటలన్నాడు. రివెట్స్ మూడు పాయింట్లతో ఓడిపోయింది. ఓడినా ఆ మూల నుంచి ఎవరూ కదల్లేదు.

హాలు వెనక నడవలో శ్రీధర్ కొడుకు కోసం కాచుకుని ఉన్నాడు. శశికళ పక్కన నిలబడి ఉంది. కోటయ్య తడి శాలువా పిండి, ఉతికిస్తే ఇంకో సన్మానానికి పనికొస్తుందంటూ దాన్ని సంచిలో పెట్టుకుంటున్నాడు.

"పదిమందిలో నా పరువు తీశావు," అన్నాడు శ్రీధర్. "ఎవరి కోసం చేశాను ఇదంతా?"

"నేను అడగలేదు కదా నాన్నా."

"నువ్వు అడిగేదాకా కూర్చుంటే నీకు ఈ చొక్కా అయినా వచ్చేదా?"

అద్వైత్ తెలుగులో మాటలు వెతుక్కున్నాడు.

"అతన్ని నేను గెలవాలి నాన్నా. మీరు గెలిస్తే నాకేం వస్తుంది?"

శ్రీధర్ కారు తాళాలు భార్య చేతిలో పెట్టి ఒక్కడే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. శశికళ కొడుకు చెయ్యి పట్టుకుని మోచేతి మీది నెత్తురు తన కొంగుతోనే తుడిచింది. తుడుస్తున్నంతసేపూ అతని మొహం చూడలేదు.

అంతమంది చూశాక ఇగ్నాస్ పేరు తీసేయడం శ్రీధర్ వల్ల కాలేదు. మర్నాడు కోచ్ పంపిన పేర్లలో గార్డుగా మొదటి పేరు అతనిదే. అద్వైత్‌ది రెండోది. ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య మాటలు ఆగిపోయాయి.

మంగళవారం ప్రాక్టీస్‌కి అద్వైత్ అందరికన్నా ముందు వెళ్లాడు. ఇగ్నాస్ అప్పటికే ఉన్నాడు, ఒంటరిగా బాస్కెట్‌లో బంతులు వేసుకుంటూ.

"ఉతెనా నుంచి ఫోన్ చేశారు," అన్నాడు అతను, బంతి మీంచి చూపు తిప్పకుండా. "మేలో సంతకం. ఆ ఆరు నిమిషాలు చూశారు."

అద్వైత్ తల ఊపాడు.

"థాంక్స్ చెబుతాననుకుని వచ్చావా?"

"లేదు."

"మంచిది. శాలువా కప్పింది నువ్వే. ఆట మధ్యలో బుద్ధి మారిందని ఆ పని చెరిగిపోదు."

"నువ్వు నచ్చి చేయలేదు," అన్నాడు అద్వైత్. "ఇప్పటికీ నచ్చవు."

"నచ్చమని ఎవడడిగాడు?"

ఇగ్నాస్ బంతిని నేల మీద ఒకసారి కొట్టి అతని ఛాతీ మీదికి విసిరాడు. అద్వైత్ పట్టుకున్నాడు. ఇగ్నాస్ కాళ్లు వెడల్పు చేసి, చేతులు చాపి, బాస్కెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"రా," అన్నాడు.

అద్వైత్ తల వంచుకుని అతని మీదికే వెళ్లాడు.